మొదటి గోల్ఫ్ సెట్: వరంగల్‌లో ఉంటూ తక్కువ పైసల్లో ఏది కొనాలి, ఏది వదిలేయాలి

బ్యాగులో 14 క్లబ్బులు (బంతిని కొట్టే కర్రలు) దాటొద్దని గోల్ఫ్ రూల్స్ చెప్తాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దీన్ని తిరగేసి, 14 ఉండి తీరాలని అనుకుంటారు. బడ్జెట్ అంతా అక్కడే కరిగిపోతుంది. మూడు క్లబ్బులతో రౌండ్ ఆడినా కాదనే రూల్ ఏదీ లేదు. మొదటి ఏడాదిలో చేతికి అలవాటయ్యేవి ఐదారు. మిగతావి బ్యాగుకు బరువు, బ్యాగు మోసే క్యాడీ భుజానికి నొప్పి.

హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల దిక్కు ఉండేవాళ్లకు ఇంకో లెక్క కూడా ఉంది. గోల్కొండ నయా ఖిల్లా దగ్గరి హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ కోర్సైనా, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్ అయినా వరంగల్ నుంచి దాదాపు 150 కిలోమీటర్లు. ఉప్పల్‌లో బస్సు దిగినా, సికింద్రాబాద్‌లో రైలు దిగినా ఊరంతా దాటి అవతలికి పోవాలి. అంటే కోర్సు మీద ఆడేది నెలకు ఒకటి రెండుసార్లు, మిగతా రోజులన్నీ డాబా మీద నెట్‌లోకి కొట్టుడే. కాబట్టి ఏ కంపెనీ సెట్ మంచిదని అడిగే ముందు, వచ్చే ఆరు నెలలు బంతిని ఎక్కడ కొడతారో తేల్చుకోవాలి. ఆ తర్వాత మీ ఎత్తు, చేతుల పొడవు, ఒంటి బలం. కంపెనీ పేరు వీటన్నిటి వెనుక వస్తుంది.

ముందు ఒక్క 7 ఐరన్

చేతిలో పది వేలున్నా లక్ష ఉన్నా మొదట కొనాల్సింది ఒక్క 7 ఐరనే, అంటే మధ్యరకం దూరానికి వాడే లోహపు తల క్లబ్బు. అన్నిటికంటే దూరం కొట్టే డ్రైవర్ 45 అంగుళాలుంటే 7 ఐరన్ సుమారు 37 అంగుళాలే. పొట్టిగా ఉంటుంది కాబట్టి అదుపులో ఉంటుంది, తప్పు ఎక్కడ జరుగుతుందో చెప్తుంది. హైదరాబాద్‌లో పాతది దొరుకుతుంది. కొత్తదే కావాలంటే డెకథ్లాన్ వాళ్లు తమ ఇనెసిస్ రకం క్లబ్బులను విడివిడిగా అమ్ముతారు, సెట్ మొత్తం కొననక్కర్లేదు. నెలన్నర పాటు ఇదొక్కటే కొడితే ఆటపై మోజు నిలుస్తుందో లేదో, మణికట్టు నొస్తుందో లేదో, షాఫ్ట్ (క్లబ్బు కాడ) బరువైందో తేలికైందో మీకే తెలిసిపోతుంది. ఆట నచ్చకపోతే పోయేది ఒక్క క్లబ్బు ఖర్చే.

డాబా మీద నెట్ కట్టేటప్పుడు ఎక్కువమంది దాన్ని పిట్టగోడకు ఆనించి బిగువుగా లాగి కడతారు. అట్ల కడితే బంతి తిరిగి మొహం మీదికే వస్తుంది. నెట్ వదులుగా వేలాడాలి, వెనుక కనీసం ఒక మీటరు ఖాళీ ఉండాలి, బంతి నుంచి నెట్‌కు రెండున్నర మూడు మీటర్ల దూరం ఉండాలి. పైన రేకుల షెడ్డు ఉంటే ముందు క్లబ్బు ఎత్తి నిదానంగా తిప్పి చూసుకోండి. ఎత్తు తొమ్మిది అడుగులు లేనిచోట పొడుగు మనిషి ఐరన్ కూడా తిప్పలేడు.

కింద వేసే మ్యాట్ మందంగా, మెత్తగా ఉండాలి. పలుచటి రబ్బరు మ్యాట్‌తో రెండు నష్టాలు. క్లబ్బు బంతికి వెనుక నేలను తాకినా ఎగిరి బంతికి తగులుతుంది. షాట్ మంచిగ పడిందని మీరు మురుస్తారు, అదే షాట్ గడ్డి మీద పది గజాలు కూడా పోదు. రెండోది, ఆ దెబ్బంతా మోచేతికి వస్తుంది. బంతికి వెనుక జానెడు దూరంలో మడిచిన తువ్వాలు పెట్టి, అది కదలకుండా కొట్టడం నేర్చుకుంటే మొదటి మోసం బయటపడుతుంది.

ఖాళీ గ్రౌండ్ కనిపించిందని అసలు బంతిని అక్కడ కొట్టొద్దు. 46 గ్రాముల గట్టి బంతి అది. కొత్తవాడి చేతిలో కూడా వంద గజాలు ఎగురుతుంది, ఎటు పోతుందో వాడికే తెలియదు. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లాంటి చోట పొద్దున్నే నడిచేవాళ్లుంటారు, క్రికెట్ ఆడే పిల్లలుంటారు. అక్కడ స్పాంజి బంతులో, చిల్లుల ప్లాస్టిక్ బంతులో వాడాలి. ఇక మన చెల్క నేల, మొరం తేలిన నేల మీద నేరుగా క్లబ్బు కొడితే వారంలోనే కింది అంచు గీతలుపడి చెడుతుంది.

సెట్ ఎక్కడి నుంచి: అమెరికా, డబ్బా, హైదరాబాద్

మన జిల్లాల్లో చాలా ఇళ్లకు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఒక అన్న, ఒక మేనమామ, ఒక బావమరిది ఉంటారు. అక్కడ వాడిన క్లబ్బులు చౌక. పాత సామాన్ల దుకాణాల్లో, ఇంటి ముందు పెట్టి అమ్మే చోట్ల మంచి కంపెనీల ఐరన్ సెట్లు దొరుకుతాయి. గోల్ఫ్ బ్యాగును విమానంలో సాధారణంగా ఒక చెక్-ఇన్ లగేజీగానే లెక్కగడతారు, 23 కిలోలు దాటకుండా చూసుకుంటే చాలు. బ్యాగుతో కలిపి సెట్ 12 నుంచి 15 కిలోలు తూగుతుంది. అటు పోయేటప్పుడు పచ్చళ్లకు చాలని బరువు, ఇటు వచ్చేటప్పుడు మిగులుతూనే ఉంటుంది. ఎయిర్‌లైన్ నియమాలు, కస్టమ్స్‌లో సుంకం లేకుండా తేగలిగే పరిమితి మాత్రం టికెట్ కొన్నప్పుడే చూసుకోవాలి.

చిక్కు ఎక్కడంటే, ఆ సెట్ ఎవరికో సరిపోయింది, మీకు కాదు. ఆరడుగులు దాటిన మనిషి కోసం అరంగుళం పెంచిన షాఫ్టులు, చేతిబలం ఉన్నవాడు ఎంచుకున్న స్టిఫ్ (తక్కువ వంగే గట్టి) షాఫ్టులు అక్కడి పాత సామాన్లలో ఎక్కువ. అందుకే బావమరిదికి "ఏదో ఒకటి పట్టుకురా" అని వదిలేయకుండా ముందే నాలుగు ఫోటోలు అడగండి. గ్రిప్ (చేత్తో పట్టుకునే భాగం) కింద షాఫ్ట్ మీద అతికించిన పట్టీ ఫోటోలో ఆర్ (రెగ్యులర్) అని ఉందా, ఎస్ (స్టిఫ్) అని ఉందా తెలుస్తుంది. నేల మీద నిలబెట్టి టేపు పెట్టిన 7 ఐరన్ ఫోటో, అన్ని ఐరన్ల ఫేసులు (బంతికి తగిలే వైపు) వరుసగా కనిపించే ఫోటో, సెట్ కుడిచేతిదా ఎడమచేతిదా తెలిసే ఫోటో మిగతా మూడు. చివరిది వింతగా అనిపించొచ్చు కానీ, ఫోటోలో అద్దంలా తిరగబడి కనిపించి ఎడమచేతి సెట్ వచ్చి పడితే ఇక్కడ మళ్లీ అమ్ముడుపోవడం కష్టం.

తెమ్మనేవి: 5 నుంచి 9 వరకు ఐరన్లు, రెండు వెడ్జ్‌లు (దగ్గరి షాట్లకు, ఇసుకకు వాడేవి), ఒకటి రెండు హైబ్రిడ్లు (పొడుగు ఐరన్ల కంటే సులువుగా బంతిని లేపేవి), పట్టర్ (బంతిని గుంతలోకి దొర్లించేది), తేలికైన స్టాండ్ బ్యాగ్. 2, 3 ఐరన్లు ఊరికే ఇచ్చినా వద్దు. లాఫ్ట్, అంటే ఫేస్ వెనక్కి వాలిన కోణం, తక్కువగా ఉండే ఆ క్లబ్బులతో బంతిని గాల్లోకి లేపడం కొత్తవాళ్లకు సాధ్యం కాదు. డ్రైవర్ తెచ్చేదుంటే హెడ్ (తల) ఊడదీసే రకమైతే ఊడదీసి బట్టల మధ్య పెట్టమనండి. ఊడని రకమైతే దానికంటే రెండంగుళాలు పొడుగున్న గట్టి కర్రనో పైపునో బ్యాగు మధ్యలో నిలబెట్టాలి. లగేజీ తలకిందులుగా పడినప్పుడు బరువు ఆ కర్ర మీద పడుతుంది, షాఫ్ట్ విరగదు.

కొత్త డబ్బా సెట్ అంటే డ్రైవర్, ఒక వుడ్ (డ్రైవర్ లాంటిదే, తల చిన్నది), హైబ్రిడ్, ఐదారు ఐరన్లు, శాండ్ వెడ్జ్, పట్టర్, బ్యాగ్ అన్నీ కలిపి ఒకే పెట్టెలో వచ్చేది. విల్సన్, క్యాలవే లాంటి కంపెనీలు కొత్తవాళ్ల కోసం ఇట్ల అమ్ముతాయి. ఇందులో హెడ్లు బంతి కాస్త పక్కన తగిలినా మన్నించేవి, గ్రిప్పులు కొత్తవి, లాఫ్టుల మధ్య తేడాలు లెక్క ప్రకారం ఉంటాయి, తనిఖీ చేసే పని ఉండదు. కంపెనీలు పైసలు మిగిల్చుకునేది సాధారణంగా పట్టర్ దగ్గర, బ్యాగు దగ్గర. రెండేళ్లకు ఆ రెండూ మారుస్తారు. సెట్ అందరికీ ఒకే ప్రామాణిక కొలతలో వస్తుంది కాబట్టి ఐదున్నర అడుగుల నుంచి ఐదడుగుల పది వరకు ఉన్నవాళ్లకు ఇబ్బంది లేదు. ఇంట్లో చూసిపెట్టేవాళ్లు ఎవరూ లేరు, పాత సామాను కొనే ధైర్యం లేదు అనేవాళ్లకు ఇదే సరైనది. అయితే తిరిగి అమ్మితే సగం ధర కూడా రావడం కష్టమని తెలిసే కొనాలి.

హైదరాబాద్‌లో వాడిన సెట్ కొనడం మా లెక్కలో అన్నిటికంటే లాభం, చూసి కొనే ఓపిక ఉంటే. కోర్సుల దగ్గరి సామాన్ల షాపులు, కోచ్‌లు, క్యాడీలు, ఆన్‌లైన్ ప్రకటనలు అన్నీ దారులే. క్యాడీలకు ఎవరి సెట్ ఎప్పుడు మారుతుందో తెలుసు. ముఖ్యమైన లాభం ఏమిటంటే రేంజ్ (సాధన చేసే మైదానం) మీద పది బంతులు కొట్టి చూసి కొనొచ్చు. అమెరికా సెట్‌కు గానీ డబ్బా సెట్‌కు గానీ ఆ వీలుండదు. పది బంతులు కొట్టనివ్వని అమ్మకందారు దగ్గర కొనకండి.

నాలుగో రకం ఉంది, చెప్పక తప్పదు. పెద్ద కంపెనీ పేరుతో సగానికి సగం తక్కువ ధరకు, సీలు విప్పని కొత్త సెట్ అని ఆన్‌లైన్‌లో వచ్చేది. నకిలీ క్లబ్బుల వ్యాపారం ప్రపంచమంతా ఉంది. వీటిలో హెడ్ల బరువు ఒకదానికొకటి పొంతన ఉండదు, షాఫ్టులు ఎక్కడివో తెలియదు, గట్టిగా కొడితే హెడ్ ఊడి ఎగిరే ప్రమాదం కూడా ఉంది. చిన్న పరీక్ష ఒకటి: మంచి డ్రైవర్లలో చాలావాటి ఫేస్ టైటానియంతో చేస్తారు, టైటానియానికి అయస్కాంతం అంటుకోదు. అంటుకుంటే అది ఉక్కు. అంటుకోనంత మాత్రాన అసలుదని కాదు, అల్యూమినియానికి కూడా అంటుకోదు. హోసెల్ (షాఫ్ట్ దిగే హెడ్ మెడ) మీద సీరియల్ నంబరు ఉందా, అక్షరాలు చెక్కినట్టున్నాయా రంగు పూసినట్టున్నాయా, అన్ని ఐరన్ల ఫెరూల్స్ (ఆ మెడ పైన ఉండే ప్లాస్టిక్ కట్లు) ఒకేలా ఉన్నాయా కూడా చూడాలి.

పొడవు, షాఫ్ట్, హెడ్: సరిపోవడం అంటే ఏమిటి

పార కామ పొడుగైతే నడుము నిటారై మన్ను గీరుకుంటుంది, పొట్టిదైతే నడుము విరుగుతుంది. క్లబ్బు కూడా అంతే, కాకపోతే ఇక్కడ చూడాల్సింది మనిషి ఎత్తొక్కటే కాదు, చేతులు నేలకు ఎంత దగ్గరగా వేలాడతాయన్నది. బూట్లు వేసుకుని నిటారుగా నిలబడి, చేతులు వదులుగా వేలాడేసి, మణికట్టు ముడత నుంచి నేల వరకు వేరే మనిషితో కొలిపించండి. 34 నుంచి 37 అంగుళాల మధ్య వస్తే ప్రామాణిక పొడవు సరిపోతుంది. 34 కంటే తక్కువైతే పావు నుంచి అరంగుళం తగ్గించాలి. 29 దిగితేనే అంగుళం. ఐదడుగుల నాలుగంగుళాల మనిషి క్లబ్బులను రెండంగుళాలు కోయిస్తానంటే ఆపండి, ఎత్తు తక్కువున్నంత మాత్రాన చేతులు నేలకు అంతే తేడాతో దగ్గర కావు.

కోయాల్సి వస్తే గ్రిప్ వైపు నుంచే కోయాలి, హెడ్ వైపు ఎప్పుడూ కాదు. హెడ్ వైపు కోస్తే షాఫ్ట్ ఉన్నట్టుండి గట్టిపడిపోతుంది. అరంగుళం కోసినా హెడ్ తేలికైనట్టు అనిపిస్తుంది, బంతి తగిలేటప్పుడు క్లబ్బు ఎక్కడుందో చేతికి తెలియకుండా పోతుంది. అందుకే మొదటి ఆరు నెలలు కోయకుండా, గ్రిప్ మీద అరంగుళం కిందికి పట్టుకుని ఆడటం మేలు. కోసింది మళ్లీ అతుక్కోదు.

లై అంటే క్లబ్బు నేల మీద కూర్చునే కోణం. గడ్డి మీద కొట్టినప్పుడు లేచిపోయిన మట్టి గుంత చూస్తే ఇది తెలుస్తుంది. గుంత మీకు దగ్గరి వైపు, అంటే హీల్ దిక్కు లోతుగా ఉంటే క్లబ్బు మీకు మరీ నిటారుగా ఉంది, కుడిచేతివాళ్లకు బంతి ఎడమకు పోతుంది. అవతలి కొస, టో దిక్కు లోతుగా ఉంటే బంతి కుడికి జారుతుంది. స్వింగులోనే తప్పుందని రోజుల తరబడి సాధన చేసేవాళ్లలో కొందరిది నిజానికి లై తప్పు. దీన్ని వంచి సరిచేసే యంత్రం క్లబ్బుల పని తెలిసిన షాపులోనే ఉంటుంది. వెల్డింగ్ షాపులో వైస్‌కు బిగించి వంచబోతే పోత పోసిన హెడ్ హోసెల్ దగ్గర పగులుతుంది.

షాఫ్ట్ విషయంలో క్రికెట్ బాగా ఆడినవాళ్లే ఎక్కువ తప్పు ఎంపిక చేస్తారు. సిక్సర్లు కొట్టే చెయ్యి కదా అని స్టిఫ్ తీసుకుంటారు. బలం ఒకటి, క్లబ్బు కొస వేగం ఇంకొకటి. షాఫ్ట్ మరీ గట్టిదైతే బంతి తక్కువ ఎత్తులో కుడికి పోతుంది, చేతికి చెక్కను కొట్టినట్టు ఉంటుంది. మరీ మెత్తదైతే పైకి లేచి ఎడమకు తిరుగుతుంది, ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. 7 ఐరన్‌తో 120 నుంచి 150 గజాలు గాల్లో పోతే ఆర్, అంటే రెగ్యులర్. 120 దాటకపోతే ఇంకా మెత్తటి సీనియర్ లేదా లేడీస్ రకం. 150 దాటుతుంటే అప్పుడు ఎస్ సంగతి ఆలోచించొచ్చు. కొత్తవాళ్లకు దాదాపుగా ఆర్ సరిపోతుంది.

స్టీలా గ్రాఫైటా అన్నదానికి జవాబు ముఖ్యంగా బరువులో ఉంది. స్టీల్ షాఫ్ట్ సుమారు 95 నుంచి 125 గ్రాములు, ఐరన్లకు వాడే గ్రాఫైట్ 55 నుంచి 80. పాత సెట్లలో స్టీల్ చౌక, దెబ్బ తిన్నదీ లేనిదీ కంటికి కనిపిస్తుంది. నలభై ఐదు దాటినవాళ్లు, మోచేతి నొప్పి ఉన్నవాళ్లు, మ్యాట్ మీదే ఎక్కువ కొట్టేవాళ్లు కొంచెం ఎక్కువ పెట్టి గ్రాఫైట్ తీసుకోవాలి. డ్రైవర్, హైబ్రిడ్ల విషయంలో అందరికీ గ్రాఫైటే.

హెడ్‌లో చూడాల్సింది వెనుక వైపు. చదునుగా, పలుచగా కత్తిలా ఉంటే బ్లేడ్, నిపుణులది. వెనుక గుంతలా తొలిచి అంచుల చుట్టూ లోహం పేర్చి ఉంటే క్యావిటీ బ్యాక్, మీకు కావాల్సింది అదే. బరువు అంచులకు పోయినందువల్ల బంతి మధ్యలో తగలకపోయినా హెడ్ తక్కువగా తిరుగుతుంది. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరుగా పనిచేసిన కార్స్టెన్ సోల్హైమ్ 1959లో తన మొదటి పట్టర్‌ను ఈ సూత్రంతోనే చేశాడు. పింగ్ కంపెనీ అక్కడ మొదలై, తర్వాత అదే ఆలోచన ఐరన్లలోకి వచ్చింది. పది పదిహేనేళ్ల కిందటి క్యావిటీ బ్యాక్ ఐరన్లు ఈ పనిని ఇప్పటి వాటికి దాదాపు సమానంగా చేస్తాయి. ఐరన్ల దగ్గర పాతదానికి పోవడంలో నష్టం చాలా తక్కువ. డ్రైవర్ల దగ్గర మాత్రం తేడా పెద్దది. హెడ్ సైజుకు రూల్స్ పెట్టిన 460 సీసీ పరిమితికి దగ్గరగా ఉండే పెద్ద హెడ్ కావాలి, లాఫ్ట్ 10.5 నుంచి 12 డిగ్రీలు. చిన్న తలల పాత డ్రైవర్లు షోకేసుకు.

వేర్వేరు సెట్ల నుంచి క్లబ్బులు కలిపేటప్పుడు లాఫ్ట్ లెక్క తప్పకుండా చూడాలి. క్లబ్బు మీద ఉన్న నంబరు కోణం కాదు. పాత 7 ఐరన్ 34, 35 డిగ్రీలుంటే కొత్తవాటిలో 30, ఒక్కోసారి 28 కూడా. కొత్త సెట్‌లో పిచింగ్ వెడ్జ్ 43 డిగ్రీలుండి, మీ శాండ్ వెడ్జ్ 56 అయితే మధ్యలో 13 డిగ్రీల ఖాళీ ఉంది. 80 గజాల నుంచి 100 గజాల వరకు ఏ క్లబ్బూ పూర్తి స్వింగుతో పనికిరాదు. 49, 50 డిగ్రీల వెడ్జ్ ఒకటి చేరిస్తే సరి. పాత సెట్‌లో పిచింగ్ వెడ్జ్ 47, 48 ఉంటే ఆ ఖర్చే లేదు.

వాడిన సెట్ ముందు కూర్చున్నప్పుడు

పగటి వెలుతురులో చూడాలి. జేబులో అయస్కాంతం, టేపు, స్టీల్ స్కేలు, పాత గుడ్డ చాలు. ఐరన్లన్నిటినీ హెడ్లు గోడకు ఆనించి వరుసగా నిలబెడితే గ్రిప్ కొసలు మెట్లలా, ఒక్కో మెట్టు అరంగుళం చొప్పున దిగాలి. ఒకచోట మెట్టు ఎగిరినా, రెండు సమానంగా ఉన్నా మధ్యలో ఒకటి విరిగి మార్చారన్నమాట. ఒక చేత్తో గ్రిప్, ఇంకో చేత్తో హెడ్ పట్టుకుని మెలితిప్పండి. కొంచెం కదిలినా, టిక్కుమన్నా లోపలి జిగురు పోయింది. ఫెరూల్‌కూ హెడ్‌కూ మధ్య సన్నటి ఖాళీ కనిపించినా అదే. ఇది మన ఎండల్లో మామూలు జబ్బు: మే నెలలో తలుపులు మూసి ఎండలో పెట్టిన కారు డిక్కీలో జిగురు మెత్తబడే వేడి పుడుతుంది. మళ్లీ అతికించొచ్చు, కానీ ఐదు నిమిషాల్లో గట్టిపడే జిగురు పెట్టొద్దు, దెబ్బకు పగులుతుంది.

స్టీల్ షాఫ్ట్‌ను కంటి ముందు పెట్టుకుని తిప్పుతూ పొడవునా చూడండి, వంపు వెంటనే తెలుస్తుంది. పైపైన తుప్పు గుడ్డకు పోతుంది. గోరు పెడితే గుంత తగిలే తుప్పు మచ్చ ఉంటే ఆ షాఫ్ట్ అక్కడే విరుగుతుంది. గ్రాఫైట్‌లో బ్యాగు అంచు రాసుకున్నచోట రంగు పోతే ఫర్వాలేదు, పోగులు లేచి కనిపిస్తే వద్దు. డ్రైవర్‌ను చెవి దగ్గర ఊపితే గలగలమని చప్పుడొస్తే లోపల జిగురు ముద్ద విడిపోయిందేమో, దాంతో పెద్ద ఇబ్బంది లేదు. ఫేస్ మీద స్కేలు అడ్డంగా పెట్టినప్పుడు మధ్యలో వెలుతురు కనిపిస్తే ఫేస్ లోపలికి పోయింది, పగలడానికి సిద్ధంగా ఉంది. మంచి డ్రైవర్ ఫేస్ మధ్యలో కొంచెం ఉబ్బుగా ఉంటుంది. వెడ్జ్ ఫేస్ మీది గాడుల్లో గోరు ఆగాలి. నున్నగా జారిపోతే ఇసుకలోంచి కొట్టడానికి పనికొస్తుంది గానీ గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద బంతిని ఆపదు.

గ్రిప్పులు గట్టిపడి మెరుస్తున్నాయా, బేరానికి అదే పట్టు. పది గ్రిప్పులు మార్చే ఖర్చు లెక్కగట్టి ధరలోంచి తగ్గించమనండి. నిజానికి ఆ పని ఇంట్లోనే అవుతుంది. పాత గ్రిప్‌ను కొంకి బ్లేడుతో పైకి లాగుతూ కోయాలి. గ్రాఫైట్ అయితే బ్లేడు షాఫ్ట్‌కు తగలకుండా మరీ జాగ్రత్త. పాత టేపు గీకేసి, రెండు వైపులా అంటుకునే టేపు చుట్టి, షాఫ్ట్ కొస రంధ్రం టేపుతోనే మూసేయాలి. కొత్త గ్రిప్ చివరి చిల్లును వేలితో మూసి, పెయింట్ షాపులో దొరికే టర్పెంటైన్ లోపల పోసి, ఊపి, అదే ద్రవాన్ని టేపు మీద ధారగా వంపాలి. ఆగకుండా ఒక్క ఊపున తొడిగేయాలి, మధ్యలో ఆగితే అక్కడే ఇరుక్కుంటుంది. గ్రిప్ మీది గీతలు ఫేస్‌కు సూటిగా ఉన్నాయో లేదో పది సెకన్లలోపే సరిచూసుకుని ఒక రోజంతా ఆరనివ్వాలి. టర్పెంటైన్ బదులు పెట్రోలు వాడేవాళ్లున్నారు, మంట ప్రమాదం గుర్తుంచుకుంటే ఎందుకులే అనిపిస్తుంది.

పైసలు ఎట్ల పంచాలి

పది వేలలోపు: వాడిన 7 ఐరన్, వాడిన శాండ్ వెడ్జ్, ఏదో ఒక పట్టర్, మిగిలింది నెట్‌కు, మంచి మ్యాట్‌కు. ఇంతకంటే సెట్ పేరుతో ఏది దొరికినా అది మోసమో ముప్పై ఏళ్ల పాతదో అయి ఉంటుంది.

ముప్పై వేల దగ్గర అసలు ఎంపిక మొదలవుతుంది. ఇక్కడ మా సలహా సగం సెట్: పట్టర్, 54 నుంచి 56 డిగ్రీల శాండ్ వెడ్జ్, 9 ఐరన్, 7 ఐరన్, 25 డిగ్రీల దగ్గరి హైబ్రిడ్, 18 నుంచి 21 డిగ్రీల వుడ్. ఆరు క్లబ్బులు, అన్నీ వాడినవే. టీ మీద, అంటే ప్రతి హోల్ మొదటి దెబ్బకు, డ్రైవర్ బదులు ఆ వుడ్ వాడండి, లాఫ్ట్ ఎక్కువ కాబట్టి బంతి సులువుగా పైకి లేస్తుంది, పక్కకు తక్కువ తిరుగుతుంది. ఈ పద్ధతిలో ముప్పై వేలల్లో మూడో వంతు మిగలాలి. ఆ మిగిలింది హైదరాబాద్‌లో ఒక కోచ్ దగ్గర నాలుగైదు క్లాసులకు. క్లబ్బుల మీద పెట్టే ఏ పదివేలూ ఆ క్లాసులంత పని చేయవు.

యాభై, అరవై వేలుంటే డబ్బా సెట్టా, మంచి వాడిన పూర్తి సెట్టా అన్న వాదన వస్తుంది. చూసిపెట్టే మనిషి తోడుంటే వాడినది, లేకుంటే డబ్బా. ఇద్దరు కలిసి ఒక సెట్ కొనుక్కుందామనే ఆలోచన పొదుపుగా అనిపిస్తుంది గానీ చాలా కోర్సుల్లో ఒక్కో ఆటగాడికి ఒక్కో బ్యాగు ఉండాలంటారు. చెరో సగం సెట్, చెరో బ్యాగు తీసుకుంటే ఖర్చు అంతే, ఆ గొడవ ఉండదు.

ఆడవాళ్లకు లేడీస్ సెట్ అని వచ్చేది సుమారు అంగుళం పొట్టిగా, తేలికగా, మెత్తటి షాఫ్టులతో ఉంటుంది. ఐదడుగుల రెండు మూడంగుళాల మనిషికి తరచుగా సరిపోతుంది. బ్యాడ్మింటనో కబడ్డీనో ఆడి చేతి వేగం ఉన్న పొడుగు అమ్మాయికి అదే సెట్ గడ్డిపోచలా ఉంటుంది, ఆమెకు సీనియర్ లేదా ఆర్ గ్రాఫైట్ చూడాలి. పెట్టె మీద పేరు కాదు, 7 ఐరన్ ఎంత దూరం పోతుందన్నదే కొలమానం.

ఎడమచేతివాటం వాళ్లకు వాడిన మార్కెట్ చిన్నది, అమెరికా దారే మేలు. కుడిచేతి క్లబ్బుతో సర్దుకోమని చెప్పేవాళ్లను నమ్మకండి. దీక్షా డాగర్ ఎడమచేతివాటంతోనే 2019లో దక్షిణాఫ్రికా మహిళల ఓపెన్ గెలిచింది. రాసేది కుడిచేత్తో అయినా క్రికెట్‌లో ఎడమవైపు బ్యాటింగ్ చేసేవాళ్లు, రెండు రకాల 7 ఐరన్లనూ రేంజ్ మీద కొట్టి చూసి నిర్ణయించుకోవాలి.

పిల్లల కోసం నాన్న పాత క్లబ్బులను కోయించడం అన్నిటికంటే చెడ్డ పొదుపు. హెడ్ బరువు పెద్దవాళ్లదే, షాఫ్ట్ కోయగా ఇంకా గట్టిపడింది. బిడ్డ దాన్ని ఎత్తడానికి ఒళ్లంతా ఊపడం నేర్చుకుంటుంది, ఆ అలవాటు పోదు. పిల్లల క్లబ్బులు ఎత్తును బట్టి వస్తాయి, మూడంగుళాలు పెరిగినప్పుడల్లా ఒక సైజు. పూర్తి సెట్ కాదు, ఒక హైబ్రిడ్, 7 ఐరన్, వెడ్జ్, పట్టర్ చాలు. పిల్లలకు త్వరగా చిన్నవైపోతాయి కాబట్టి వాడినవే వెతకండి, మీవి కూడా అట్లే అమ్ముడుపోతాయి.

బంతుల మీద ఎక్కువ పెట్టొద్దు. మొదటి రౌండ్లలో పొదల్లో, నీళ్లలో పోయేవే ఎక్కువ. రెండు పొరల గట్టి పైతొడుగు బంతులు, అదీ క్యాడీలు ఏరి అమ్మేవి, సరిపోతాయి. గ్లోవ్ ఒక్క చేతికే, కుడిచేతివాళ్లకు ఎడమది. చెమటకు తడిసిన తోలు గ్లోవ్‌ను బ్యాగులో ముద్దగా పడేస్తే అప్పడంలా గట్టిపడుతుంది, చేతి ఆకారంలో లాగి నీడలో ఆరేయాలి. బ్యాగు డిక్కీలో కాదు, ఇంట్లో గోడకు ఆనించి ఉంచండి. వానాకాలంలో తడిసి వస్తే హెడ్ కవర్లు తీసేసి, క్లబ్బులను బయటికి తీసి తుడిచి రాత్రంతా ఫ్యాను కింద ఉంచాలి.